తండ్రి ఇంటి ఊరు

ఆ సోమవారం పొద్దున గదిలో ఉన్నవి ఇవి: రెండు కంప్యూటర్లు, ఒక డాట్ మాట్రిక్స్ ప్రింటరు, బ్యాటరీ పోయి ఆరు నెలలైన యూపీఎస్, ఒక ఇనుప కుర్చీ, ఒక ప్లాస్టిక్ కుర్చీ, గోడకు ఓడ బొమ్మ ఉన్న క్యాలెండరు, కంపెనీ నుంచి వచ్చిన సీడీ ఒకటి. మనుషులు ఇద్దరం. ఒకణ్ణి నేను. రెండోవాడు ఆ గది యజమాని, నాకంటే పదేళ్లు పెద్ద, నేను భాయ్ అని పిలిచేవాణ్ణి. ఇవి కాక దూది.

దూది ఎందుకంటే, విశాఖపట్నం వన్‌టౌన్‌లో మా గది భాయ్ వాళ్ల నాన్నగారి పరుపుల షాపు మీద ఉండేది. కింద పది గంటలకు దూది ఏకే మిషను మొదలయ్యేది. ఆ నూగు మెట్ల మీదుగా పైకొచ్చి సీపీయూ ఫ్యానుకు చుట్టుకునేది. శనివారం శనివారం మూత విప్పి పాత టూత్‌బ్రష్షుతో దాన్ని గోకి తీయడం నా పనుల్లో ఒకటి. అసలు పని వెబ్‌సైట్లు చేయడం. పెళ్లి మండపాలకు, కోచింగ్ సెంటర్లకు, ఓడల్లోకి కూరగాయలు సరఫరా చేసేవాళ్లకు, ఒకసారి ఒక కళ్ల డాక్టరుకు చేశాం. రెండు వేల ఏడులో మా ఇద్దరి పేరు ఆ మాత్రం వ్యాపించింది.

సీడీ పంపింది అచ్యుతాపురం సెజ్‌లో కొత్తగా వస్తున్న ఒక కంపెనీ. వాళ్లకు సముద్రపు నీళ్లు కావాలి. నీళ్లు తోడే పంపుహౌసుకు ఒడ్డు కావాలి. ఆ ఒడ్డు మూడు ఊళ్ల వాళ్లు పడవలు లాక్కుని పెట్టుకునే ఒడ్డు. ఆ మూడు ఊళ్లలో ఒకటి మాది. ఒడ్డు ఇచ్చినందుకు కంపెనీ ఒప్పుకున్నది ఏమిటంటే, మూడు ఊళ్లకూ కలిపి నలభై మందికి ఆరు నెలల శిక్షణ, ఆ తర్వాత ఉద్యోగం. ఇంటికొకరే దరఖాస్తు పెట్టాలి. పదో తరగతి పాసవ్వాలి. ముప్పై అయిదేళ్లు దాటకూడదు. సర్వే చేసి దరఖాస్తులన్నీ ఒక ఫైల్లో పెట్టారు. ఏ ఊరి అర్హుల జాబితా ఆ ఊరి పేజీలో కనబడేలా వెబ్‌సైటు చేయాలి. అదే పేజీని ప్రింటు తీసి పంచాయతీ గోడకు అంటిస్తారు.

మా ఇంటి దరఖాస్తు మా బావది. మా అక్క భర్త.

ఆయన సంగతి ఇక్కడే చెప్పాలి. నాకు పన్నెండేళ్లప్పుడు నాన్న కామెర్లతో పోయాడు. మా తెప్ప మీద ఎక్కే మగమనిషి లేడు. అక్క పెద్దది, నేను చిన్నవాణ్ణి, లెక్కల్లో వందకు వంద తెచ్చుకునేవాణ్ణి. మా పెద్దలు కూర్చుని మాట్లాడుకుని, అక్కకు సంబంధం చూసినప్పుడు ఒక షరతు పెట్టారు. అల్లుడు మా ఇంటికే రావాలి, తెప్ప నడపాలి, పిల్లాడు చదువుకోవాలి. సాధారణంగా కొడుకు ఉన్న ఇంటికి ఇల్లరికం రమ్మంటే ఎవరూ రారు. ఆయన యారాడ నుంచి వచ్చాడు. అప్పుడాయనకు ఇరవై మూడేళ్లు. పదో తరగతి రెండోసారి రాసి పాసయ్యాడు. ఆ సర్టిఫికెట్టును ప్లాస్టిక్ కవరులో పెట్టి, బట్టల మధ్య పెట్టి తెచ్చుకున్నాడు. మా ఇంట్లో ఆయన సొంత వస్తువు అదొక్కటే అని నాకు చాలా రోజులు అనిపించేది.

పదకొండేళ్లు ఆయన వేటకు వెళ్లాడు, నేను బడికి, తర్వాత కాలేజీకి, తర్వాత ఇంజనీరింగుకు వెళ్లాను. తెల్లవారేసరికి ఆయన ఒడ్డుకు వచ్చేవాడు. నేను పుస్తకం పట్టుకుని కూర్చుని ఉంటే తడి చేత్తో నెత్తి మీద ఒకటి తట్టి, "సదువు, సదువు. నువ్వు మేలుకున్నావనే నాను సలి ఓర్సుకుంతన్నాను" అనేవాడు. నేను ఆయన చేతి చేపల వాసనకు ముఖం పక్కకు తిప్పుకునేవాణ్ణి. ఆయన నవ్వేవాడు.

ఆ ఏడాదికి ఆయనకు ముప్పై నాలుగు నిండాయి. మళ్లీ ఇలాంటి అవకాశం వచ్చేసరికి వయసు దాటిపోతుంది. ఒడ్డు పోయాక వేట ఎలాగూ సగం పోతుంది. కనుక ఈ జాబితాలో పేరు ఉండటం ఆయనకు ఎంత ముఖ్యమో నాకు తెలుసు. తెలిసే ఆ పనికి కూర్చున్నాను.

టెంప్లేటు అంటే పేజీకి అచ్చు. సమాచారం వేరే చోట ఉంటుంది, అచ్చు దాన్ని తీసుకుని పేజీగా పోస్తుంది. మూడు ఊళ్లకు మూడు పేజీలు, అచ్చు మాత్రం ఒక్కటే. ఊరి పేరు ఇస్తే ఆ ఊరి వాళ్లనే ఏరి చూపించాలి. ఏరడానికి ఆ టెంప్లేటు భాషలోనే ఒక ఫిల్టరు ఉంది. జాబితా ఇచ్చి, ఫలానా అంశం ఫలానాదిగా ఉన్నవాళ్లను ఇమ్మంటే ఇస్తుంది. చిక్కేమిటంటే మాకు వచ్చిన సమాచారం క్యారేజీ గిన్నెల్లా ఒకదానిలో ఒకటి ఉంది. మనిషి, మనిషి లోపల తండ్రి, తండ్రి లోపల ఇల్లు, ఇంటి లోపల ఊరు. ఇంకో పక్క మనిషి లోపలే ప్రస్తుత చిరునామా, అందులో మళ్లీ ఊరు. ఆ ఫిల్టరుకు పై గిన్నె మూత తీయడమే తెలుసు. లోపలి గిన్నెలు దానికి కనబడవు.

నేను ముందు మధ్యలో చుక్కలు పెట్టి, తండ్రి చుక్క ఇల్లు చుక్క ఊరు అని రాశాను. పేజీ ఖాళీగా వచ్చింది. తప్పు అని చెప్పలేదు, కేక వేయలేదు. ఆ చుక్కలన్నీ కలిపి ఒకే పేరనుకుని వెతికింది, అలాంటి పేరు ఎవరిలోనూ లేదు, కనుక ఎవరినీ ఇవ్వలేదు. ఈ సంగతి కనుక్కునేసరికి మధ్యాహ్నమైంది. కింద మిషను ఆగింది. భాయ్ బిర్యానీ పొట్లాలు తెచ్చాడు.

"ఏం ఇంజనీర్ సాబ్, పొద్దుట్నించి తెల్ల కాగితమే చూస్తున్నావ్?"

"దీనికి లోపలికి చూడ్డం రాదు భాయ్."

"రాకపోతే నువ్వే చెయ్యి పెట్టి తియ్యి. జల్దీ. ఎల్లుండి గోడకు అతకాలంట."

చెయ్యి పెట్టి తీశాను. ఫిల్టరు వదిలేసి, జాబితాలో ఒక్కొక్క మనిషి దగ్గరా ఆగి, గిన్నె మీద గిన్నె మూత తీసి చూసి, అడుగున ఉన్న ఊరు మనకు కావలసిన ఊరైతేనే పేజీ మీద వేయమని రాశాను. మొత్తం ఏడు లైన్లు. ఇంకో రెండు లైన్లు కూడా కలిపాను. తండ్రి పోయి రేషను కార్డు తల్లి పేరుకు మారిన ఇళ్లలో తండ్రి గిన్నె లోపల ఇల్లు ఖాళీగా ఉంటుందని నాకు తెలుసు, మాది అలాంటి ఇల్లే గనక. అలా ఉన్నచోట తల్లి ఇంటి ఊరు చూడమన్నాను. ఆ రెండు లైన్లు రాసి నాకు నేనే శభాష్ అనుకున్నాను.

ప్రస్తుత చిరునామా ఎందుకు తీసుకోలేదు? దానికి కారణం ఉంది, ఇప్పటికీ అది తప్పుడు కారణం కాదు. మా ఊళ్లలో పదో తరగతి చదివిన మగవాళ్లలో చాలామంది ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్‌లో వీరావళ్ హార్బరులోనో ఒడిశాలో పారాదీప్‌లోనో పెద్ద బోట్ల మీద ఉంటారు. వాళ్ల ప్రస్తుత చిరునామాలో బోటు ఓనరు ఊరు ఉంటుంది. దాన్నిబట్టి ఏరితే సొంత ఊరివాళ్లే పోతారు. తండ్రి ఇంటి ఊరు మాత్రం రేషను కార్డు చూసి నింపినది, శుభ్రంగా ఉంది. పైగా మా వైపు మనిషికి ఊరంటే తండ్రి ఊరే. ఎక్కడ ఎన్నేళ్లు ఉన్నా, మీదే ఊరని అడిగితే నాన్న ఊరి పేరే చెబుతాం. నాకు ఇది ఎవరూ నేర్పలేదు. నేను ఆలోచించనూ లేదు.

పేజీలు వచ్చాయి. మా ఊరు అరవై ఒకటి. రెండోది ముప్పై రెండు. మూడోది ఇరవై ఒకటి. నాకు కూడికలు వేసుకునే అలవాటు ఉంది. కూడితే నూట పద్నాలుగు. సీడీలో ఉన్న దరఖాస్తులు నూట ముప్పై ఒకటి.

"భాయ్, పదిహేడు తేడా వస్తోంది."

"డబుల్ ఎంట్రీలు అయ్యుంటాయ్. సర్వే వాళ్లు ఒకే మనిషిని రెండుసార్లు ఎక్కిస్తారు. మొన్న కోచింగ్ సెంటర్ వాళ్ల లిస్టులో చూళ్లేదా?"

చూశాను. నిజమే, అలా ఉండేవి. ఆ పదిహేడు వరసలు తెర మీద వేసి చూడటానికి అయిదు నిమిషాలు కూడా పట్టదు. నేను చూడలేదు. మా ఊరి పేజీలో నాకు తెలిసిన పది పేర్లు వెతికాను. నాతో చదువుకున్నవాళ్లు, మా వీధివాళ్లు. పదీ ఉన్నాయి. బావ పేరు వెతకలేదు. ఆయన పేరు తప్పకుండా ఉంటుందని వెతకలేదని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. ఇప్పుడు అలా చెప్పుకోలేను. మా ఊరివాళ్లు పదిమందిని తలుచుకోమంటే నా తలలోకి వచ్చిన పదిమందిలో ఆయన లేడు. అంతే.

బుధవారం జాబితా గోడకెక్కింది. సాయంత్రం నాలుగింటికి భాయ్ సెల్లుకు అక్క ఫోన్ చేసింది. నాకు అప్పటికి సెల్లు లేదు.

"తమ్ముడూ, మీ బావ పేరు కానరాలేదంటరా. మూడుసార్లు సదివినాడంట."

"సరిగ్గా చూళ్లేదేమో అక్కా."

"సదువొచ్చినోడే గదరా ఆయన. ఇదుగో, ఆయన్తో మాటాడు."

బావ గొంతు హుషారుగానే ఉంది. వెనకాల జనం మాటలు వినబడుతున్నాయి. పంచాయతీ గోడ దగ్గర నుంచే మాట్లాడుతున్నాడు.

"ఏటి బామ్మర్దీ, నన్ను దాసేసినావేటి? ఈళ్లు నవ్వుతన్నారు. తప్పు పడిందిరా అంతన్నారు. నాను సెప్పినాను, మా బామ్మర్ది రాసిందది, కంప్యూటర్లో తప్పెలాగుంటాది, ఎనకాల ఇంకో కాయితం ఉంటాదని. ఉందేటి ఇంకో కాయితం?"

"చూసి చెప్తాను బావా."

"బేగి సూడు. అవతలోళ్లు కూడా అడుగుతన్నారు. నాలాటోళ్లే."

నాలాటోళ్లే అన్న మాట దగ్గర నాకు అర్థమైంది. ఫోను పెట్టేసి, మూడు ఊళ్లలో దేనిలోనూ పడని వరసలను తెర మీదకు తెచ్చాను. పదిహేడు. ఒకటి ఏమీ లేని ఖాళీ వరస. ఒకటి నిజంగానే రెండుసార్లు ఎక్కి, రెండోసారి సగంలో ఆగిపోయినది. మిగిలిన పదిహేనుగురూ ఇల్లరికపు అల్లుళ్లు. తండ్రి ఇంటి ఊరు దగ్గర ఒకరికి యారాడ, ఒకరికి ముత్యాలమ్మపాలెం, ఒకరికి భీమిలి. ప్రస్తుత చిరునామా దగ్గర అందరికీ మా మూడు ఊళ్లలో ఏదో ఒకటి. ఎనిమిదో వరసలో మా బావ. ప్రస్తుత చిరునామాలో మా ఇంటి నంబరు.

సరిదిద్దడం ఎంత? తండ్రి ఇంటి ఊరు లేదా ప్రస్తుత చిరునామా ఊరు. ఆ 'లేదా' ఒక్కటి కలిపితే చాలు. కలిపాను. మూడు పేజీలూ మళ్లీ పోశాను. మా ఊరి పేజీలో అరవై తొమ్మిది మంది వచ్చారు. బావ పేరు నలభై మూడోది. వన్‌టౌన్ నుంచి మా ఊరికి పరిగెత్తి వెళ్లి ఆ కాగితం గోడకు అతికించాలనిపించింది.

భాయ్ కంపెనీ ఆఫీసరుకు ఫోన్ చేశాడు. చేతులు కట్టుకుని నిలబడినట్టే మాట్లాడాడు, ఫోనులో అయినా. "మా సైడ్ మిస్టేక్ సార్. పదిహేను పేర్లు మిస్సయ్యాయి. కొత్త ప్రింటు పంపిస్తాం సార్." అవతల ఏమన్నారో విని, ఫోను నాకిచ్చాడు.

"మీరేనా పేజీ చేసింది? వెరీ గుడ్. లిస్టు నీట్‌గా ఉంది" అన్నాడు ఆఫీసరు.

తండ్రి ఇల్లు, అది లేకపోతే తల్లి ఇల్లు అని నా తొమ్మిది లైన్లూ విప్పి, తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాను. ఆయన మధ్యలో ఆపలేదు. అంతా విని అన్నాడు:

"అంటే వీళ్ల తండ్రులు ఈ ఊళ్ల వాళ్లు కాదు. అంతే కదా?"

"కాదు సార్. కానీ వీళ్లు ఇక్కడే ఉంటున్నారు. అత్తవారింట్లో. పడవ నడిపేది వీళ్లే సార్."

"చూడండి, లోకల్ అంటే ఎవరు అని మాకు నెల నుంచి గొడవగా ఉంది. ఎవరికి వాళ్లు ఒకటి చెబుతున్నారు. మీ లిస్టు చూశాక క్లారిటీ వచ్చింది. ఊరివాళ్లు కూడా అబ్జెక్షన్ చెప్పలేదు. అలాగే ఉంచండి."

"సార్, అది రూలు కాదు. నేను రాసిన లైను."

"ఇప్పుడు రూలే" అని నవ్వాడు. చెడ్డవాడేమీ కాదు. ఆదివారం ఊళ్లో మీటింగు పెడుతున్నామని, ఊరంతా ఒప్పుకుంటే పేర్లు కలుపుతామని చెప్పాడు.

ఆదివారం గాజువాక మీదుగా బస్సెక్కాను. పరవాడ దాటేటప్పుడు కరెంటు కంపెనీ పొగగొట్టాలు లెక్కపెట్టడం నాకు అలవాటు, ఆ రోజు పెట్టలేదు. చేతిలో ప్లాస్టిక్ సంచిలో కొత్త జాబితా ఉంది. ఏం చెప్పాలో కాగితం మీద నంబర్లు వేసుకుని రాసుకున్నాను. ఒకటి, తప్పు నాది. రెండు, వాళ్లు ఇక్కడే ఉంటున్నారు. మూడు, ఇంటికొకరు అన్నారు గాని ఆ ఒకరు కొడుకే కావాలని అనలేదు.

మీటింగు రామకోవెల ముందు పందిట్లో. కంపెనీ ఆఫీసరు కుర్చీలో, ఊరి పెద్దలు బెంచీ మీద, జాబితాలో పేర్లున్న కుర్రాళ్లు నేల మీద ముందు వరసల్లో. అల్లుళ్లు వెనక నిలబడ్డారు. వాళ్లను ఎవరూ నిలబడమనలేదు. మా ఊళ్లో అల్లుడు అత్తవారి పెద్దల ముందు బెంచీ ఎక్కడు, అలా అని కుర్రాళ్లతో నేల మీదా కూర్చోడు. కనుక ఎప్పుడూ నిలబడే ఉంటాడు. బావ స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. జేబులోంచి సర్టిఫికెట్టు కవరు అంచు కనబడుతోంది.

నా మూడు మాటలూ చెప్పాను. రెండోది చెబుతుండగానే ముందు వరసలోంచి ఒకడు లేచాడు. నాతో పదో తరగతి దాకా చదివినవాడే.

"రాసినోడివి నువ్వే. ఇప్పుడు మారుత్తానంటున్నోడివీ నువ్వే. ఎందుకురా? మీ బావ పేరు నేదనేనా?"

నవ్వులు వచ్చాయి. "మా బావ ఒక్కడే కాదు, పదిహేను మంది" అన్నాను.

"మీ బావ ఉండబట్టే ఆ పదిహేను మందీ కనపడ్డారు నీకు" అన్నాడు వాడు. అది నిజం.

బెంచీ మీద పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. మా నాన్నకు దూరపు చుట్టం, మా అక్క సంబంధం కుదిర్చినవాళ్లలో ఒకడు. బావను యారాడ వెళ్లి పిలుచుకొచ్చింది ఆయనే.

"అల్లుడంటే మనకి గౌరవమే. పండక్కి కొత్త బట్టలెడతాం. కూరలో సేప తలకాయ అల్లుడికే ఏత్తాం. కాదన్నామేటి? గానీ ఉజ్జోగం అంటే కొడుకుదిరా. నలబై ఉన్నాయి. మన పిల్లలే అరవై మంది ఉన్నారు. మద్దెలో పరాయి ఊరోళ్లని తెచ్చి ఎడితే మనోళ్లకేటి మిగులుతాది?"

"పదకొండేళ్లు తెప్ప నడిపినప్పుడు పరాయి ఊరని ఎవరూ అనలేదు తాతా" అన్నాను.

"నీ సదువు కోసం నడిపినాడు. నువ్వు సదువుకున్నావు. నీకు ఉజ్జోగం ఉంది. ఇంటికొకటి అన్నారు, మీ ఇంటికొకటి ఉంది గదా? ఇంకేటి?"

ఎవరో చప్పట్లు కొట్టారు. ఆఫీసరు తన డైరీలో ఏదో రాసుకుని, వెనక నిలబడినవాళ్లను చూసి, "మీరేమైనా చెప్తారా?" అని అడిగాడు. వాళ్లు ఒకరి వెనక ఒకరు సర్దుకున్నారు. ఆయన మా బావను వేలితో చూపించి, మర్యాదగానే అడిగాడు.

"మీదే ఊరండీ?"

"యారాడండి" అన్నాడు బావ.

ఆలోచించకుండా అనేశాడు. పదకొండేళ్లుగా ఎవరు అడిగినా అదే చెప్పాడు. అన్నాక గాని ఏమన్నాడో ఆయనకు తెలియలేదు. పందిట్లో ఒక్కసారిగా నవ్వులు. ఆయన కూడా నవ్వబోయి, ఆగిపోయి, జేబులోని కవరును లోపలికి నొక్కుకున్నాడు. ఆఫీసరు డైరీ మూశాడు.

మరుసటి వారం కంపెనీ నుంచి కాగితం వచ్చింది, వెబ్‌సైట్లో పెట్టమని. మూడో పేరాలో ఉంది: స్థానికుడు అనగా తన తండ్రి ఇల్లు, తండ్రి లేనిచో తల్లి ఇల్లు, సదరు గ్రామములో కలిగిన వ్యక్తి. వేలు పెట్టి మళ్లీ చదివాను. తండ్రి, తండ్రి లేకపోతే తల్లి. నేను రాసిన తొమ్మిది లైన్లూ వరస తప్పకుండా ఉన్నాయి. నా లోటు పూడ్చుకోవడానికి నేను రాసుకున్న రెండు లైన్లతో సహా. ఫోనులో నేను ఆఫీసరుకు విప్పి చెప్పినదాన్ని ఎవరో ఆఫీసు తెలుగులోకి దించారు. నేను దాన్ని టైపు చేసి పేజీలో పెట్టాను. భాయ్ నా వైపు చూడకుండా అన్నాడు, "వద్దంటే నేను పెడతా." నేనే పెడతానన్నాను. ఎందుకు అలా అన్నానో నాకు తెలియదు. తప్పుల్లేకుండా పెట్టాను.

బావకు నిజం చెప్పింది ఆ తర్వాతి ఆదివారం. అప్పటిదాకా ఆయన కంపెనీవాళ్లే మోసం చేశారని, నేను ఆపడానికి ప్రయత్నించానని అనుకుంటున్నాడు. మీటింగులో తప్పు నాదని నేను అన్నదాన్ని ఆయన వేరుగా తీసుకున్నాడు. పెద్దల ముందు తగ్గి మాట్లాడటం అనుకున్నాడు. మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగు మీద చిరిగిన వల ముందేసుకుని కూర్చున్నాడు. అక్క గుమ్మంలో చేపలు ఎండబెట్టే చాప మడుస్తోంది. నేను ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. గిన్నెలు, చుక్కలు, తండ్రి ఇంటి ఊరు, పదిహేడు తేడా, నేను వెతికిన పది పేర్లు.

ఆయన వల మీద నుంచి తల ఎత్తలేదు. "అంటే పదిహేడు తక్కువొచ్చినాయని ముందే తెలుసు నీకు."

"తెలుసు."

"ఎవులో సూళ్లేదు."

"చూడలేదు బావా."

దారం పళ్లతో కొరికాడు. "ఊర్లో అందరికీ సెప్పినాను గదరా, మావోడు రాసిందని. గోడకాడ నిలబడి సెప్పినాను. ఇప్పుడాళ్లకేటి సెప్పమంటావ్?"

వలలో ఇంకో ముడి బిగించి ఆయనే అన్నాడు, "ఒగ్గేయ్. ఆఫీసరు అడిగినప్పుడు యారాడని కూసింది నాను గదా. ఈ ఊరే అనుంటే ఎలాగుండేదో. నా నోరే నాకు సత్రువు."

ఆయన తప్పును తన మీద వేసుకున్నాడు. ఆ క్షణంలో నాకు కలిగింది సిగ్గు అని రాయాలని ఉంది. కాదు. కాస్త తేలికగా అనిపించింది. వేరొకరు మోస్తానంటే దింపుకున్నట్టు అనిపించింది. ఆయన అలా మోయడం, నేను అలా దింపుకోవడం మా ఇద్దరికీ పాత అలవాటే.

అక్క చాప గోడకు ఆనించింది.

"నీ నోరేటి సేసింది?" అంది బావతో. నాకేసి తిరిగింది. "ఈడు పదిమంది పేర్లు ఎతికినాడంట. పదిమంది. నువ్వు తెచ్చిన కూడు తిని, నీ కట్టంతో సదివి, ఆడికి పదిమంది గుర్తొచ్చినారంట. అందులో నువ్వు నేవు."

"నువ్వూరుకోవే" అన్నాడు బావ.

"నాను ఊరుకుంటాను. ఆడినే ఇంక మాటాడొద్దని సెప్పు."

అక్క ఊరుకుంది. ఆ తర్వాత రెండేళ్లు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. అన్నం పెట్టేది. బస్సుకు డబ్బులున్నాయా అని అడిగేది. అంతే. బావ మాత్రం మాట్లాడేవాడు, జోకులు వేసేవాడు. కంప్యూటర్ అన్న మాట మాత్రం నా ముందు మళ్లీ ఎత్తలేదు.

పంపుహౌసు గోడ లేచాక మా వీధివాళ్లు పడవలు పెట్టుకోవడానికి పక్క ఊరి ఒడ్డు అడగాల్సి వచ్చింది. అక్కడ వాళ్ల అల్లుళ్లకే చోటు లేదన్నారు. ఆగస్టులో బావ వీరావళ్ వెళ్లాడు. రైల్వే స్టేషనుకు నేనే దింపాను. ఒక రేకు పెట్టె, ఒక దుప్పటి. ఏజెంటు ప్లాట్‌ఫారం మీద అందరి వివరాలు పుస్తకంలో రాసుకుంటున్నాడు. బావ వంతు వచ్చింది. పేరు చెప్పాడు, తండ్రి పేరు చెప్పాడు. ఊరు దగ్గర ఒక్క క్షణం ఆగి నా ముఖం చూశాడు.

"యారాడే రాసుకోండి" అన్నాడు.

శిక్షణ ఆ అక్టోబరులో మొదలైంది. చేరినవాళ్ల జాబితా పెట్టడానికి పేజీ మళ్లీ నా దగ్గరికే వచ్చింది. ఇంటర్వ్యూలయ్యాయి, మెడికల్ టెస్టులో కొందరు పోయారు, ఎంపికైన కొందరు వీరావళ్ నుంచి తిరిగి రాలేదు. వాళ్ల బదులు పిలవడానికి వేరే జాబితా ఏదీ కంపెనీ పెట్టుకోలేదు. ఈసారి ఏరాల్సింది ఏమీ లేదు. ఉన్న పేర్లన్నీ పేజీ మీద వేసి, లెక్కపెట్టాను.

నలభై సీట్లు. చేరినవాళ్లు ముప్పై నలుగురు.